పడవ మోటారు, పచ్చ చిలుము

ఈ నెల ఈ శీర్షికలో చింతపండు గురించి, కుంకుడుకాయ గురించి వ్రాయవలసి వచ్చింది గాని వంట కొరకూ కాదు, తలంటు కొరకూ కాదు. కొల్లేరు లంక గ్రామాల వైపు నుండి ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరం అందుకు కారణం.

ఆయన వ్రాసిన సంగతి ఇది. తండ్రిగారు ప్రభువునందు నిద్రించిన తర్వాత అన్నదమ్ములు పాత పశువుల పాక విప్పుతుంటే దూలాల మీద గోనెపట్టాలో చుట్టిన ఒక యంత్రం దొరికింది. పడవ వెనక తగిలించే మోటారు. పైన ఇత్తడి పెట్రోలు ట్యాంకు, తాడు చుట్టి లాగడానికి గాడి ఉన్న చక్రం, క్రిందికి రెండు పొడవాటి గొట్టాలు, చివర అయిదు రెక్కల ఫ్యాను. పాత సామాను కొనే మనిషి వచ్చి ఇత్తడి ఒక ధర, మిగతాది ఇనుము ధర అని కిలోల లెక్క చెప్పి వెళ్లాడు. ఊడదీసి ఇత్తడి వేరు చేస్తే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని తమ్ముడు రెంచీలు తీశాడు. తల్లిగారు మాత్రం అమ్మవద్దని కంట నీరు పెట్టుకుంటున్నారు. "ఇది ఏ కాలపుది? దీనికి విలువ ఉందా? చిలుము ఎలా వదిలించాలి?" అని అడిగారు.

అయ్యా, ముందుగా ఒక మాట. తమ్ముడిగారిని రెంచీలు క్రింద పెట్టమనండి. మీరు కూడా ఈ పత్రిక చదివేవరకు చింతపండు నానబెట్టకండి. పాత యంత్రానికి విలువ అంటూ ఉంటే అది అన్ని భాగాలూ ఒకచోట ఉండటంలోనే ఉంటుంది. ట్యాంకు ఊడదీసిన నాడు అది మోటారు కాదు, కిలోల లెక్కన తూగే తుక్కు. ఇక తోమడం సంగతి. చాలామంది ముందు తోమి తర్వాత చూస్తారు. తోమేటప్పుడే పేరూ నంబరూ చెరిగిపోతాయి.

ఈ మోటార్ల పుట్టుక తెలిస్తే గుర్తుపట్టడం సులువు. అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ అనే ఆయన వీటిని 1909కి ముందే అమ్మకానికి పెట్టాడు గాని, ఊరూరా నడిపించినవాడు ఓలె ఎవిన్‌రూడ్. ఆయన నార్వేలో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరి, మిల్వాకీ పట్టణంలో యంత్రాల పని చేసుకుంటూ ఉండేవాడు. ఒక ఎండపూట తాను పెండ్లాడబోయే బెస్ ఐస్‌క్రీం అడిగితే చెరువుకు అడ్డంగా పడవ తెడ్డు వేసుకుంటూ వెళ్లి వచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందనీ, ఆ శ్రమలోనే ఈ ఆలోచన పుట్టిందనీ చెప్పుకుంటారు. ఐస్‌క్రీం సంగతి ఎలా ఉన్నా, 1909లో ఆయన చేసిన మోటారు ఒకటిన్నర హార్స్‌పవరుది, బరువు సుమారు 28 కిలోలు. లెక్కలు, ఉత్తరాలు, ప్రకటనలు అన్నీ బెస్ చూసుకునేది. ఆమెకు ఆరోగ్యం చెడితే ఆయన వ్యాపారంలో తన వాటానే అమ్ముకున్నాడు. ఆమె కోలుకున్నాక 1921లో అల్యూమినియం ఎక్కువగా వాడి తేలికైన మోటారు చేసి మళ్లీ మొదలుపెట్టాడు. దాని పేరు ఎల్టో. ఆ వెనుకనే జాన్సన్ సోదరులు 16 కిలోల మోటారుతో పోటీకి వచ్చారు.

ఇందులో మనకు పనికివచ్చే గుర్తు ఒకటి ఉంది. ఒళ్లంతా ఇత్తడి, కంచు, పోత ఇనుము, చక్రం మీద చేత్తో పట్టుకుని త్రిప్పే పిడి ఉంటే అది 1910, 1920 ప్రాంతపు మొదటి తరం యంత్రం కావచ్చు. ఆ పిడి ఇంజను అందుకోగానే వ్రేళ్ల కణుపుల మీద కొట్టేది. అల్యూమినియం ఎక్కువగా కనిపిస్తే తర్వాతిది. అయితే ఒక్క ట్యాంకు ఇత్తడిది అయినంత మాత్రాన వందేళ్లదని మురిసిపోకూడదు. ఇంగ్లాండులో రెండో ప్రపంచయుద్ధం తర్వాత కూడా చాలా ఏళ్లు ఇత్తడి ట్యాంకులు వాడిన కంపెనీ ఉంది. మీరు వ్రాసిన పోలికలు చూస్తే మీ మోటారు ఆ కంపెనీదే అనిపిస్తున్నది. దాని పేరు బ్రిటిష్ సీగల్.

సీగల్ అంటే సముద్రపు పక్షి. 1931లో వుల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్‌స్టన్ కంపెనీ మొదలుపెట్టింది. తర్వాత ఇంగ్లాండు దక్షిణ తీరాన పూల్ అనే రేవు పట్టణానికి మారి, 1996 వరకు తయారయింది. చూడటానికి ఏమంత సొగసుగా ఉండదు. మూత లేదు, డొప్ప లేదు, ఉన్నదంతా బయటికే కనపడుతుంది. క్రిందికి దిగే రెండు గొట్టాలలో ఒకటి ఫ్యానును త్రిప్పే కడ్డీది, రెండవది పొగది. ఇంకొక గట్టి గుర్తు ఫ్యాను దగ్గర చూడండి. మిగతా మోటార్లలో ఫ్యానుకు రాయి తగిలితే విరిగిపోవడానికి ఒక చిన్న పిన్ను పెడతారు. సీగల్‌లో పిన్ను బదులు బొటనవ్రేలంత చోట చుట్టలు చుట్టిన బలమైన స్ప్రింగు ఉంటుంది. దెబ్బ తగిలితే అది ఓర్చుకుంటుంది. ఆ స్ప్రింగు కనిపిస్తే ఇక అనుమానం అక్కరలేదు.

పేరు చూసేటప్పుడు మోసపోయే చోటు ఒకటి ఉంది. చక్రం మీదనో, కార్బరేటరు మీదనో 'విల్లియర్స్' అని పోతపోసి ఉండవచ్చు. విల్లియర్స్ అనేది మన దేశంలో పంపు ఇంజన్ల మూలంగా కూడా తెలిసిన పేరే గనుక, వెంటనే "ఇది విల్లియర్స్ మోటారు" అనేస్తారు. కాదు. సీగల్ వారు మాగ్నెటో, కార్బరేటరు ఆ కంపెనీ దగ్గర కొనుక్కునేవారు. కార్బరేటరు మీద 'అమాల్' అన్నా అంతే. గడియారం పట్టీ మీది పేరు చూసి గడియారం పేరు చెప్పినట్లవుతుంది.

సీగల్ నంబరు చక్రం క్రింద, ఇంజను డొక్క మీద గుద్ది ఉంటుంది. ముందు అక్షరాలు, తర్వాత అంకెలు. ముందున్న అక్షరాలు ఏ రకం మోటారో చెబుతాయి. 1960ల చివరి నుండి చేసినవాటికి చివరన నెలను తెలిపే అక్షరం, ఏడాదిని తెలిపే అంకె కూడా ఉంటాయి. జిడ్డు పట్టి కనపడకపోతే గీకవద్దు. మెత్తని గుడ్డతో తుడిచి, ముగ్గుపిండి రుద్ది, పైపైన తుడిచేస్తే గుంటల్లో తెల్లగా నిలుస్తుంది. లేదా పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్దండి. పిల్లలు రూపాయి బిళ్లను అచ్చు తీస్తారే, అలాగే. చీకటి పూట టార్చిలైటు ప్రక్కనుండి వేసి సెల్‌ఫోనులో ఫోటో తీస్తే ఇంకా బాగా కనపడుతుంది.

ఇతర పాఠకుల దగ్గర వేరే మోటార్లు ఉండవచ్చు గనుక జాన్సన్, ఎవిన్‌రూడ్ సంగతి కూడా చెబుతాను. ఆ రెండింటికీ పడవ చెక్కను పట్టుకునే బిగింపు దగ్గర రేకు ఉంటుంది. రేకు ఊడిపోతే ఇంజను దిమ్మ మీద రూపాయి బిళ్లలాంటి గుండ్రని బిరడా మీద వెదకండి. 1980 నుండి వచ్చినవాటిలో సంవత్సరాన్ని అక్షరాలలో దాచారు. 'ఇంట్రడ్యూసెస్' అనే ఇంగ్లీషు మాటలో పది అక్షరాలు ఉన్నాయి. ఐ అంటే 1, ఎన్ 2, టి 3, ఆర్ 4, ఓ 5, డి 6, యు 7, సి 8, ఇ 9, చివరి ఎస్ సున్న. మోడలు పేరులో చిట్టచివరి అక్షరాన్ని వదిలి దాని ముందు రెండు చూడండి. సి, ఎన్ అని ఉంటే 82. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఈ లెక్క వాళ్లకు అప్పగించండి, సంతోషంగా చేస్తారు. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్లు చేయడం 2020లో ఆగిపోయింది.

ఇక విలువ. ఉన్నమాట చెబుతాను. సీగల్ అరుదైన యంత్రం కాదు. యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యాలకే వేల సంఖ్యలో చేశారు, ఆ తర్వాత లోకమంతటా అమ్మారు. లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అయితే ఇంగ్లాండులో వీటిని ఇప్పటికీ నడుపుకునేవాళ్లు ఉన్నారు, విడి భాగాలు దొరుకుతున్నాయి. అంటే మీది పూర్తిగా ఉంటే తిరిగి ప్రాణం పోసుకోగల యంత్రం. దాని ధర పాత ఇనుము కొట్టు త్రాసు మీద తేలేది కాదు. మన తాడేపల్లిగూడెంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే ఉన్నది గనుక, "ఇది ఆ దొరలు వదిలి వెళ్లిన మిలిటరీ మోటారు" అని కథ అల్లడం తేలిక. నంబరు చెప్పేవరకు అలా అనకండి. కొనేవాడు కథ విని కొంటాడు, నంబరు చూసి తిరిగి వస్తాడు.

నంబరు చెప్పలేని సంగతి ఒకటుంది. ఆ మోటారు మీ ఇంటికి ఎలా వచ్చింది, ఏ పడవకు కట్టారు, ఎందుకు మానేశారు అన్నది. అది చెప్పగలిగినవారు మీ తల్లిగారు. అమ్మడమా మానడమా అన్నది తర్వాత, ముందు ఆమె దగ్గర కూర్చుని అడిగి వ్రాసుకోండి. ఆమె కన్నీరు ఇత్తడి కొరకు కాదని మీకూ తెలుసు. ఆమె చెప్పిన తేదీలు కచ్చితంగా ఉండకపోవచ్చు. "తుపాను ముందా, తర్వాతా? పెద్దవాడు పుట్టాడా అప్పటికి?" అని అడిగితే సంవత్సరం దానంతటదే తేలుతుంది. 1977, 1990, 1996 తుపానులను, 1986 గోదావరి వరదను మన డెల్టాలో ఏ తల్లీ మరచిపోదు.

మానేసిన కారణం మాత్రం నేను ఊహించగలను. కొల్లేరు లోతు తక్కువ. గుర్రపుడెక్క, తూడు, నాచు ఫ్యానుకు చుట్టుకుంటే నిమిషానికొకసారి ఆపి కోసుకోవాలి. తాటిదోనెకు గడ ఉంటే చాలు, దానికి పెట్రోలూ అక్కరలేదు, ప్లగ్గూ అక్కరలేదు. ఏలూరు కాలువలాంటి లోతు నీటిలో, ఉప్పుటేరులో ఇటువంటి మోటారు సుఖంగా నడుస్తుంది గాని లంకల మధ్య గడవేసే మనిషిదే పైచేయి.

ఇప్పుడు చిలుము సంగతికి వద్దాం. మోటారు దొరికింది పశువుల పాకలో అన్నారు. ఈ ఒక్క మాట నన్ను కలవరపెట్టింది. బ్రిటిష్ వారి కాలంలో మన దేశంలోని సైన్యానికి ఒక వింత కష్టం వచ్చింది. వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాల గొట్టాలు ఎవరూ ముట్టకుండానే చీలిపోయేవి. కారణం 1921లో స్పష్టంగా తేల్చారు. గుర్రాల మూత్రం నుండి వచ్చే అమ్మోనియా ఘాటు, దానికి తోడు తేమ. రేకుగా సాగదీసి వంచిన ఇత్తడిలో బిగువు దాగి ఉంటుంది. అమ్మోనియా సోకితే ఆ బిగువు ఉన్న చోట వెంట్రుకలాంటి చీలికలు పుడతాయి. మన పశువుల పాకలో ఉండేదీ అదే గాలి. తడిసిన యూరియా బస్తా ప్రక్కన ఉంటే మరీ చేటు. గనుక ట్యాంకును ముందు పాకలోనుండి తీసి ఇంట్లో పొడి చోట పెట్టండి. మడతల దగ్గర, అతుకుల దగ్గర, మూత మరల దగ్గర భూతద్దంతో చూడండి. చీలిక కనిపిస్తే దానిలో పెట్రోలు పోయకూడదు. అది చూసుకోవడానికి మాత్రమే. ఇంటి పొయ్యి దగ్గర కారే ట్యాంకు ఎంత ప్రమాదమో నేను చెప్పనక్కరలేదు. ట్యాంకు అతుకులు తగరం, సీసం కలిపిన టంకంతో వేసినవి. జిడ్డు కరగాలని మంట మీద పెడితే అతుకులు ఊడిపోతాయి, లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి పేలుతుంది. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. వెల్డింగు షాపుకు ఇచ్చేటప్పుడు కూడా ఇది ఏ ట్యాంకో నోరు విప్పి చెప్పండి.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. చిలుము అంటే గాలి, తేమ, పులుపు, ఉప్పు తగిలి రాగి మారిన రూపం. మన అమ్మమ్మలు కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచేవారు కాదు. పులుపు రాగిని కరిగించి పులుసులోకి తెస్తుందని వారికి తెలుసు. గిన్నెలో చెరుపు చేసే ఆ పులుపే బయట తోమేటప్పుడు మేలు చేస్తుంది. చింతపండు నల్లని పొరనూ పచ్చని చిలుమునూ కరిగిస్తుంది, అడుగున ఉన్న మంచి లోహాన్ని పెద్దగా ముట్టదు. ఎక్కువసేపు ఉంచితే ముడుతుంది. ముందుగా జింకును తినేసి, రాగిని గులాబి రంగు మచ్చలుగా మిగులుస్తుంది. రాత్రంతా నానబెట్టిన బిందెలు ఎర్రగా మారడం చూసే ఉంటారు.

మోటారు భాగాలకు నేను చెప్పే పద్ధతి ఇది. బురద, దుమ్ము ముందు కుంకుడుకాయ రసంతో, పాత పళ్ల బ్రష్షుతో కడగండి. పాత ఆయిలు జిడ్డును ఆరుబయట, నిప్పుకు దూరంగా, డీజిలు అద్దిన గుడ్డతో తీయండి. తర్వాత చింతపండు గుజ్జు, ఉప్పు కలపకుండా, పూసి అయిదు నిమిషాలు ఆగి నూలు గుడ్డతో రుద్దండి. ఉప్పు కలిపితే త్వరగా మెరిసే మాట నిజమే. కాని ఉప్పు సందుల్లో మిగిలిపోయి వచ్చే వానాకాలానికి పచ్చని పొడిగా పైకి తేలుతుంది. వంటగిన్నెను రోజూ తోముతాం గనుక అక్కడ పట్టింపు లేదు. ఆ తర్వాత నీళ్లు ధారాళంగా పోసి కడిగి, చిటికెడు వంటసోడా కలిపిన నీటితో ఒకసారి, మంచినీటితో ఇంకొకసారి కడిగి, తుడిచి ఎండలో ఆరబెట్టండి. చివరగా కుట్టు మిషను నూనె చుక్క గుడ్డ మీద వేసి పలుచగా తుడవండి. కొబ్బరినూనె వద్దు. అది కాలక్రమాన ముక్కి పులిసి తానే పచ్చని మరక తెస్తుంది. బజారులో అమ్మే ఇత్తడి పాలిషుల్లో కొన్నింట అమ్మోనియా ఉంటుంది. వాటిని వాడితే పైన చెప్పిన కారణం చేత బాగా కడిగివేయాలి.

ఇటుకపొడి, ఇసుక, గరుకు కాగితం, బాత్రూం యాసిడ్, గ్రైండరు మిషను వీటిని దగ్గరకు రానీయకండి. కొన్ని ట్యాంకుల మీద, మూతల మీద తెల్లగా నికెలు పూత ఉంటుంది. మసి అనుకుని దాన్ని గీకేస్తే క్రింద పసుపు కనపడి "ఆహా ఇత్తడి" అనిపిస్తుంది గాని యంత్రం అసలు తొడుగు పోయినట్టే. పేరు రేకును కుంకుడు రసంతో తప్ప మరి దేనితోనూ తాకవద్దు. అక్షరాల గుంటల్లో రంగు పోతే తిరిగి రాదు. ప్రక్కనే అల్యూమినియం డొక్క ఉంటుంది. బూడిద, బట్టల సోడా దానికి తగిలితే నల్లబడుతుంది. ఇక ఫ్యాను. ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎదురెక్కే కాలంలో నడిపిన ఫ్యానుకు ఎర్రని మచ్చలు ఉంటే అది చిలుము కాదు, జింకు కారిపోయి మెత్తబడిన చోటు. గోరుతో గీరితే పొడి రాలుతుంది. దానిని తోమి లాభం లేదు.

ఒక ప్రక్కమాట. ఈ మాటలు మోటారుకే కాదు. క్రిస్మస్ ముందు ఆలయంలో ఇత్తడి సిలువను, కానుక పళ్లేలను తోమే సహోదరీలు ఇవే పాటించవచ్చు. వాటిలో కొన్నింటికి మెరుపు పోకుండా వార్నిషు పూత వేసి ఉంటుంది. అటువంటి వాటికి తడి గుడ్డ చాలు, చింతపండు వద్దు. గంట మాత్రం కంచుది. దాన్ని తోమవలసిన పనే లేదు, మ్రోగితే చాలు. నిర్గమకాండము 38లో గుడారపు ఇత్తడి గంగాళాన్ని స్త్రీల అద్దములతో చేశారని చదివినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆ రోజుల్లో అద్దమంటే ముఖం కనపడేంతగా తోమిన లోహపు రేకే మరి.

చివరకు, నడిపి చూడాలని కోరిక పుట్టకుండా ఉండదు. కొల్లేరులో దింపవద్దు. 1999 నుండి అది అభయారణ్యం, అటవీశాఖ వారిని అడగకుండా పనికిరాదు. పైగా పాత సీగల్‌కు పది పాళ్ల పెట్రోలులో ఒక పాలు ఆయిలు కలపాలి. తర్వాతి కాలపువాటికి ఇరవై అయిదు పాళ్లకు ఒకటి. ఆ కాలని ఆయిలంతా నీళ్ల మీద తెట్టుగా తేలుతుంది. చేపల మీద, గూడబాతుల మీద బ్రతికే ఊళ్లలో అది మంచిది కాదు. ఇప్పటి బంకు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. అది తేమను పీల్చి, పాత బిరడాలను, రబ్బరును మెత్తబరుస్తుంది గనుక పని కాగానే ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టండి. పెద్ద ఇనుప డ్రమ్ముకు గట్టి చెక్క బిగించి, దానికి మోటారు తగిలించి, ఫ్యాను పూర్తిగా మునిగేలా నీళ్లు నింపి ఒక్క నిమిషం నడపండి. నీళ్లు లేకుండా అసలు త్రిప్పవద్దు. చల్లబరిచే నీరు క్రింది రంధ్రంలోనుండి రాకపోతే వెంటనే ఆపేయండి. ఈ రకాలలో ఎక్కువ వాటికి గేరు ఉండదు, ఇంజను అందుకుంటే ఫ్యాను కూడా తిరుగుతుంది. పైచక్రానికి కప్పు ఉండదు. లాగిన తాడు కొస కొరడాలా వెనక్కి కొడుతుంది గనుక పిల్లలను వెనుక నిలబడనీయకండి, పంచె కొంగు బిగించి కట్టుకోండి.